పచ్చలో పచ్చ గుండీ

పెళ్లయిన కొత్తలో మనిషికి కొంచెం పిచ్చి పడుతుందని మా పిన్ని అనేది. నిజమే. మా ఇద్దరి టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటే చూసి పొద్దున్నే నవ్వుకునేదాన్ని. దండెం మీద ఆయన చొక్కా చెయ్యి గాలికి లేచి నా చొక్కా మెడ చుట్టూ పడితే, ఎదురింటివాళ్లు చూశారేమోనని కిటికీ దగ్గర సిగ్గుపడుతూ నిలబడేదాన్ని. ఒకే తాళానికి మా ఇద్దరికీ చెరో తాళంచెవి ఉండటం కూడా నాకొక వింతే. ఇంట్లో ఆయన్ని ‘నువ్వు’ అనేదాన్ని, నలుగురిలో ‘మీరు’ అనేదాన్ని. గుమ్మం దాటగానే నోట్లో మాట మారిపోవడం మా ఇద్దరికే తెలిసిన ఆటలా ఉండేది.

నేను బట్టల మిల్లులో రంగుల ల్యాబులో పనిచేస్తాను. ఎవరో ఒక గుడ్డపీలిక తెచ్చి సరిగ్గా ఇదే రంగు దారం కావాలంటారు. ఆ రంగు వచ్చేదాకా కలపడం, ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి పెట్టి చూడటం, తేడా ఉంటే మళ్లీ కలపడం నా పని. కాలేజీలో కెమిస్ట్రీ చదివినప్పుడు ఇంత సరదా ఉద్యోగం ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆయన విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో మెకానిక్. పెళ్లికి కాస్త ముందే ఆయనకు స్టాంపు వచ్చింది. స్టాంపంటే బొటనవేలంత రబ్బరు ముద్ర, దాని మీద ఆయన నంబరు. ఒక పని అయ్యాక కాగితం మీద ఆ ముద్ర వేస్తే, ఈ పని సరిగ్గా జరిగింది, దీనికి పూచీ నాది అని అర్థం. అది రావడానికి ఆయన ఎన్నో పరీక్షలు రాశాడు, ఎన్నో ఏళ్లు వేరేవాళ్ల ముద్ర కింద పనిచేశాడు. ఇంటికి రాగానే అది పెట్టుకున్న చిన్న తోలుసంచిని మెడలోంచి తీసి తలుపు వెనక మేకుకు తగిలించేవాడు. పడుకునే ముందు ఒకసారి వెళ్లి తడిమి వచ్చేవాడు.

“అది నాకు సవతి” అనేదాన్ని.

“ముందొచ్చింది అది. నువ్వే దానికి సవతివి” అనేవాడు.

ఆ వారం ఆయన ఓవరాల్ కుడిచేతి మణికట్టు దగ్గర అంటుకునే పట్టీ అరిగిపోయింది. ఎంత నొక్కినా నిలిచేది కాదు, చెయ్యి కదిపితే చాలు తోకలా వేలాడేది. కొత్త ఓవరాల్ కోసం స్టోరులో అడిగితే రాగానే ఇస్తామన్నారట. నాకు చూస్తూ ఊరుకోవాలనిపించలేదు. మొగుడి బట్టలు చక్కబెట్టడం నాకు చేతకాదని అనుకోకూడదు కదా. ఓవరాల్ లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి పర్సులో పెట్టుకుని, పని అయ్యాక గుండీల దుకాణానికి వెళ్లాను.

ఆ దుకాణం సన్నటి సందులో ఉంటుంది. పైనుంచి కింది దాకా రేకు డబ్బాలు, ప్రతి డబ్బా మూతికీ ఒక గుండీ కుట్టి ఉంటుంది. పోగు తీసి ఒక్కొక్కదాని పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఒకటి మరీ పసుపు, ఒకటి మరీ నీలం, ఒకటి దూరానికి బాగుంది కానీ దగ్గరికి తెస్తే బూడిద కొట్టింది.

“గుండీ కొంటున్నారా, నగ కొంటున్నారా తల్లీ?” అన్నాడు దుకాణదారు.

“రెండూ ఒకటే నాకు.”

“మీ ఆయన అదృష్టవంతుడు. మా ఆవిడ నా చొక్కాకి ఎర్ర గుండీ కుట్టి, ఎవరూ చూడరులే పద అంటుంది.”

చివరికి అడుగు డబ్బాలో దొరికింది. ఎండుటాకు పచ్చ. పోగును దాని మీద పెడితే పోగు కనబడలేదు. వీధిలోకి తీసుకెళ్లి వెలుతురులో చూశాను, మళ్లీ లోపల దీపం కింద చూశాను, ఎక్కడా తేడా లేదు. ఆ రకం రెండే మిగిలాయి. ఒకటి పోతే ఒకటుంటుందని రెండూ కట్టి ఇచ్చాడు. ఒకదాన్ని పట్టీ మీద కుట్టాను, దానికి సరిపడా కాజా తీశాను. దారం రెండు పేటలు వేసి, ముడి మీద ముడి వేశాను. రెండో గుండీ సూదుల డబ్బాలో దాచాను.

పొద్దున ఆయన ఓవరాల్ తొడుక్కుంటూ మణికట్టు దగ్గర ఆగాడు. బొటనవేలితో గుండీని తడిమాడు. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు అనిపించింది.

“ఏంటీ, నచ్చలేదా?”

“నచ్చక ఏంటి? అసలు కుట్టినట్టే లేదు, గుడ్డలోంచి మొలిచినట్టుంది.”

“అదీ మా ల్యాబు పనితనం.”

నవ్వి, నా నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగాడో మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

ల్యాబులో ఊదా రంగు దారంతో కుస్తీ పడుతుంటే ఫోను మోగింది.

“ఆ గుండీకి జోడీ ఉందన్నావు కదా?” అన్నాడు.

నేను పొంగిపోయాను. పని మధ్యలో గుండీ గురించి ఫోను చేసే మొగుడు ఎంతమందికి ఉంటాడు!

“ఉంది. ఏం, ఎడమ చేతికి కూడా కావాలా? అసూయ పడుతోందా అది?”

“ఇంటికెళ్లి దాన్ని తీసుకుని ఇక్కడికి రాగలవా? గేటు దగ్గర చెప్పి ఉంచుతా” అన్నాడు.

“ఏమైంది?”

“గుండీ పోయింది.”

“పోతే పోయిందిలే, అందుకే కదా రెండు...”

“విమానంలో పోయింది” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “త్వరగా రా.”

ఇంటికెళ్లి, డబ్బా తీసి, గుండీని గుప్పిట్లో పట్టుకుని హ్యాంగర్ గేటు దగ్గరికి చేరేసరికి నాకు ఊపిరి ఆడటం లేదు. గేటు దగ్గర కాపలా ఆవిడ ఒక ప్లాస్టిక్ పళ్లెం ముందుకు తోసింది.

“జడపిన్నులు, చెవివి, మెడలోవి, వాచీ, పెన్ను, చిల్లర, అన్నీ ఇందులో వెయ్యండి.”

“అన్నీనా?”

“ఊడి పడగలిగింది ఏదైనా. లోపలికి ఏం తీసుకెళ్తున్నారో చూపించండి.”

గుప్పిట విప్పాను. ఆవిడ గుండీని చూసింది, తర్వాత నా మొహం చూసింది. కొత్త పెళ్లికూతురినని అడగకుండానే తెలిసిపోయినట్టుంది. గుండీని ఒక చిన్న కవరులో వేసి, నోరు అంటించి, పైన ఎర్ర చీటీ కట్టి ఇచ్చింది. పిన్నులు తీసేశాక జుట్టంతా మొహం మీద పడింది. దాన్ని కట్టుకోవడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. అలాగే లోపలికి నడిచాను.

హ్యాంగర్ అంత పెద్దదని నేననుకోలేదు. మా వీధి వీధంతా అందులో పట్టేస్తుంది. నేల అద్దంలా తుడిచి ఉంది. మధ్యలో విమానం, తోక కింద అరలన్నీ తెరిచి, పొట్ట విప్పిన మనిషిలా నిలబడి ఉంది. చుట్టూ పసుపు గీత. గీత ఇవతల మా ఆయన నిలబడి ఉన్నాడు. కుడిచేతి పట్టీ మళ్లీ వేలాడుతోంది.

ఆయన పక్కన సన్నగా పొడుగ్గా ఇంకో మనిషి. ఈయన్ని నేను పెళ్లిలో చూశాను. ఎంత ఇరుకు సందులోకైనా దూరిపోతాడని అందరూ ‘బల్లి’ అంటారు.

“రండి వదినా” అన్నాడు బల్లి, ఎప్పటిలా నవ్వకుండా.

“ఏంటండీ ఇదంతా? ఒక గుండీ కోసమా?”

మా ఆయన నేలవైపు చూశాడు. బల్లి చెప్పాడు. ఈ ఓవరాల్స్‌కి గుండీలు ఉండవు. ఎందుకుండవో నేనెప్పుడూ అడగలేదు. ఏదైనా తెగి పడితే, అది విమానం లోపల ఎక్కడో తిరుగుతుందని. అందుకే అంటుకునే పట్టీలు, పైజేబులు లేని చొక్కాలు. పొద్దున పనిలోకి దిగే ముందు, సాయంత్రం పని ముగించేటప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి బట్టలు ఒకరు చూసుకుంటారు. ఊడేది ఏమైనా ఉందా, ఊడిపోయింది ఏమైనా ఉందా అని. మా ఆయన జంట బల్లి.

“మరి పొద్దున చూడలేదా?” అన్నాను.

“చూశా వదినా” అన్నాడు బల్లి. “ఇదేంట్రా అంటే, మీ వదిన కుట్టింది అన్నాడు. ఆ మొహం చూసి పీకెయ్యమనడానికి నోరు రాలేదు. ఒకటి రెండు రోజులేగా, రేపోమాపో కొత్తది వస్తుందిగా అన్నా. నేనన్నా. వీడు కాదు.”

“నేనూ అన్నాను” అన్నాడు మా ఆయన.

పొద్దున మణికట్టు దగ్గర ఆయన ఆగిన ఆ క్షణం కళ్లముందు తిరిగింది. ‘ఇది కుదరదు’ అని ఒక్క మాట అని ఉంటే నేనేం చేసేదాన్ని? కాసేపు మూతి ముడిచేదాన్ని. అంతే.

అప్పుడు వచ్చాడు పెద్దాయన. తనిఖీ అధికారి. హ్యాంగర్‌లో కుర్రాళ్లందరూ ఆయన్ని ‘భూతద్దం’ అంటారని మా ఆయన ఇంట్లో చెబుతుంటే నవ్వేదాన్ని. పొట్టిగా, బట్టతలతో, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన ముందు నవ్వు గుర్తుకు రాలేదు.

“మీరేనా అమ్మా? కూర్చోండి. తెచ్చారా?”

కవరు ఇచ్చాను. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని గుండీని అరచేతిలో పెట్టుకుని చూశాడు. జేబులోంచి అయస్కాంతం తీసి దాని మీదికి తెచ్చాడు. గుండీ కదల్లేదు.

“ప్లాస్టిక్” అన్నాడు. “ఇనుపదైతే బతికిపోయేవాళ్లం.”

తర్వాత మా ఆయన చెయ్యి పట్టుకుని పట్టీ తిప్పి చూశాడు. దారం అలాగే ఉంది. నా ముడులు, ముడి మీద ముడి, ఒక్కటి కూడా వదులు కాలేదు. ఖాళీ ఉంగరంలా నిలబడి ఉంది దారం.

“గట్టిగానే కుట్టారమ్మా. దారం తెగలేదు, గుండీయే రంధ్రాల దగ్గర విరిగింది. అంటే కనీసం రెండు ముక్కలు.”

మెప్పులా వినిపించే ఆ మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. కొంచెం వదులుగా కుట్టి ఉంటే అది పొద్దున బస్సులోనే ఊడిపోయి ఉండేదేమో.

“ఇప్పుడు చెప్పు” అన్నాడు మా ఆయనతో. “ఆ గుండీని చివరిసారి ఎప్పుడు చూశావు?”

మా ఆయన వెంటనే చెప్పలేదు. నాకు ఆశ పుట్టింది. గుర్తులేదను, అని మనసులోనే వేడుకున్నాను. రోడ్డు మీద పడిందేమో అను. బస్సులో, క్యాంటీన్‌లో, ఎక్కడైనా పడి ఉండొచ్చు కదా. ఎవరు చూడొచ్చారు? ఒక్క ‘గుర్తులేదు’తో ఇదంతా గాల్లో కలిసిపోతుంది. నా స్వార్థం నాకు తెలుస్తూనే ఉంది, అయినా వేడుకున్నాను.

“భోజనం అయ్యాక చూశాను సార్” అన్నాడు.

“ఖచ్చితంగానా?”

“ఖచ్చితంగా.”

“ఎలా చెప్పగలవు? తిన్నాక ఎవడూ తన గుండీలు చూసుకోడు.”

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నావైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

“చేతులు కడుక్కుని బయట బెంచీ మీద కూర్చున్నాను సార్. కాసేపు దాన్ని తిప్పుతూ కూర్చున్నా.”

“ఎందుకు?”

“ఊరికే సార్.”

బల్లి పక్కకు తిరిగి విమానం చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం పూట ఆయన నన్ను తలచుకుంటాడా అని ల్యాబులో రోజూ అనుకునేదాన్ని. తలచుకుంటాడని ఇలా తెలిసింది. ఇంతమంది ముందు, ఆయన మీదికే సాక్ష్యంగా.

“అంటే తోకలోకి దూరేటప్పుడు ఉంది” అన్నాడు భూతద్దం. “బయటికొచ్చేటప్పుడు లేదు. లోపల ఏం చేశావు?”

“తోకరెక్కను కదిపే కేబుల్ బిగించాను సార్. చివరి కప్పీ దాకా చెయ్యి పెట్టాను. తర్వాత పైనుంచి హ్యాండిల్ ముందుకీ వెనక్కీ లాగి చూశారు. సరిగ్గానే కదిలింది. ముద్ర వేశాను.”

“గుండీ అక్కడే ఉండగా కేబుల్ కదిలిందన్నమాట.”

“అయ్యుండొచ్చు సార్.”

భూతద్దం నావైపు తిరిగాడు. నాకు అర్థం కావాలని అనుకున్నాడేమో, నెమ్మదిగా చెప్పాడు.

“పైలట్ హ్యాండిల్ లాగితే ఆ కేబుల్ కదలాలి, తోకరెక్క లేవాలి. కప్పీకీ కేబుల్‌కీ మధ్య ఏదైనా ఇరుక్కుంటే లేవదు. ఒకసారి లేస్తుంది, ఇంకోసారి లేవదు. ఎక్కినవాళ్లకి ఆ సంగతి ఎవరు చెబుతారమ్మా? వాళ్లు టికెట్ కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుంటారు.”

“గుండీ దొరికేదాకా ఈ విమానం కదలదు” అని, భూతద్దం మా ఆయన ముందు చెయ్యి చాపాడు. “స్టాంపు.”

మా ఆయన మెడలోంచి తోలుసంచి తీసి ఇచ్చాడు. దాని తాడు ఆయన కాలరులో ఇరుక్కుంటే బల్లి సాయం చేశాడు. భూతద్దం దాన్ని తెరిచి చూసి, లోపల నంబరు చదివి, జేబులో వేసుకున్నాడు.

“వెతికే జట్టులో నన్ను కూడా వెయ్యండి సార్” అన్నాడు మా ఆయన.

“పోగొట్టుకున్నవాడు వెతకకూడదు. తెలుసు కదా నీకు. దొరకాలని ఉంటుంది, అందుకని సరిగా చూడడు. గీత దాటకు.”

గీతకు ఇవతల మేమిద్దరం. అవతల బల్లీ, ఇంకా నలుగురైదుగురు, విమానం లోపలి నేల పలకలు ఒక్కొక్కటి విప్పి వరసగా పేర్చడం మొదలుపెట్టారు. ప్రతి మరమేకునూ తీసి గుడ్డ మీద పెడుతున్నారు. వాళ్లలో ఒకడు మధ్యలో తలెత్తి, “ఇంకెప్పుడైనా వదిన కుట్టుపని చెయ్యాలంటే మా ఇంటి దిండుగలీబులున్నాయిరా” అన్నాడు. పాపం, నన్ను నవ్వించాలనే. మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

పాములాంటి కెమెరా ఒకటి తెచ్చారు. చివర దీపం ఉన్న పొడుగాటి తీగ అది. సందుల్లోకి దాన్ని తోస్తే లోపల ఏముందో చిన్న తెర మీద కనబడుతుంది. తెర మా దగ్గరే, గీత పక్కన బల్ల మీద పెట్టారు. తెర వెలిగింది.

విమానం లోపలంతా పచ్చ. గోడలు, పక్కటెముకల్లాంటి దూలాలు, మూలలు, అన్నీ తుప్పు పట్టకుండా పూసే ఎండుటాకు పచ్చ రంగు. ఆ రంగునే చూసి ఎవరో ఓవరాల్స్ రంగు ఎంచి ఉంటారు. ఆ ఓవరాల్ రంగునే చూసి నేను గుండీ ఎంచాను. పోగు పెడితే పోగు కనబడనంతగా.

“ఇలా లాభం లేదు” అన్నాడు భూతద్దం. “ముందు ఇది ఎలా కనబడుతుందో చూద్దాం.”

నేను తెచ్చిన గుండీని తీసుకెళ్లి, అప్పటికే వెతికేసిన ఒక ఖాళీ అరలో పెట్టించాడు. దానికి చిన్న తీగ కట్టి, తీగ చివర బయట ఒకడు పట్టుకున్నాడు, ఇది కూడా పోకుండా. కెమెరా ఆ అరలోకి వెళ్లింది. అందరం తెర చుట్టూ మూగాం. గుండీ అక్కడే ఉందని మాకు తెలుసు. ఎవరికీ కనబడలేదు.

“ఇంకొంచెం ఎడమకి.”

“అదేనేమో?”

“అది మరమేకు తల.”

“తీగ ఎక్కడుందో చూడండ్రా.”

తీగ పట్టుకుని వెనక్కి వస్తే దాని చివర గుండీ ఉంది. అప్పటిదాకా మేం దాని మీద నుంచే ఇటూ అటూ తిరిగాం.

“అమ్మా, మీరు రంగుల ల్యాబులో చేస్తారట కదా” అన్నాడు భూతద్దం. “ఇలా వచ్చి కూర్చోండి. మాకంటే మీ కంటికి తేడా తెలుస్తుందేమో.”

నాకు ప్రాణం లేచొచ్చింది. చేయడానికి ఒక పని దొరికింది! కుర్చీ లాక్కుని, జుట్టు రెండు చేతులతో వెనక్కి పట్టుకుని, తెరకు మొహం దగ్గరగా పెట్టాను. రోజూ చేసే పనే. రెండు పచ్చల మధ్య ఏది ఒక చుక్క ఎక్కువ పసుపో, ఏది ఒక చుక్క ఎక్కువ నలుపో చెప్పడమే కదా నా బతుకుతెరువు. బల్లి తోకలోకి దూరి కెమెరాను నెమ్మదిగా తోస్తున్నాడు. పచ్చ గోడ, పచ్చ దూలం, పచ్చ మూల. మళ్లీ పచ్చ గోడ.

“ఆగండి. అక్కడ! అదిగో గుండ్రంగా!”

తీగ ఆగింది. మా ఆయన నా వెనకనుంచి తెర మీదికి వంగాడు. దీపం పక్కకు వంచి చూశారు. పచ్చ రంగు కారి గడ్డకట్టిన బొట్టు.

ఇంకోసారి ఆపించాను, మరమేకు. మూడోసారి తీగ నీడో, దూలం నీడో. ఆ తర్వాత కళ్లలో నీళ్లు తిరిగి అన్నీ గుండీలే కనబడ్డాయి. దుకాణంలో ఎండలోకి తీసుకెళ్లి, దీపం కిందికి తెచ్చి, ఎక్కడా తేడా రాకుండా అంత శ్రద్ధగా ఎంచుకున్నాను కదా. ఎవరి కంటికీ తేడా రాకూడదనుకున్నాను. నా కంటికీ రాలేదు.

“లేవండమ్మా, చాలు” అన్నాడు భూతద్దం. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

కాసేపటికి తోక లోపలినుంచి బల్లి గొంతు వినబడింది.

“సార్, దీపం తీసెయ్యండి. కెమెరా కూడా. కళ్లతో కాదు, చేత్తో చూస్తా.”

చేతి తొడుగు విప్పేసి వేళ్లతో తడుముకుంటూ లోపలికి పాకాడు. రెండు కాళ్లు మాత్రం బయట కనబడుతున్నాయి. ఒక కాలు కదిలితే అందరం ఒక అడుగు ముందుకు వేస్తున్నాం, గీత గుర్తొచ్చి ఆగుతున్నాం.

“సార్.”

“ఏంటి?”

“ఏదో ఉంది. కప్పీ కింద. ఉండండి, ఉండండి... కదిపితే జారేట్టుంది.”

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఎప్పుడూ పట్టుకోడు.

బల్లి బయటికి వచ్చి పిడికిలి భూతద్దం అరచేతిలో విప్పాడు. పచ్చ ముక్క. నా గుండీయే. రంధ్రాలు రెండూ ఒక పక్కన విరిగి తెరుచుకున్నాయి. హ్యాంగర్ అంతా ఒక్కసారి కేక పెట్టింది. మా ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియని మొహంతో బల్లిని కావలించుకున్నాడు.

భూతద్దం మాత్రం కదల్లేదు. నేను తెచ్చిన గుండీని బల్ల మీద పెట్టి, ఆ ముక్కను దాని మీద ఆనించి, అంచు అంచుకు సరిపెట్టి చూశాడు. ముక్క గుండీలో చాలావరకు కప్పింది. ఒక పక్కన చంద్రవంకలాంటి చిన్న జాగా కింది గుండీ కనబడుతూ మిగిలిపోయింది. గోరు కత్తిరిస్తే పడేంత.

“మిగతాది?” అన్నాడు.

కేకలు ఆగిపోయాయి.

“ఇది చూడు” అని ముక్క అంచు మీద ఒక చోట చూపించాడు. అక్కడ కేబుల్ గీరిన గుర్తు, ఆకురాయితో రుద్దినట్టు. “కప్పీ నలిపింది దీన్ని. మిగతాది అక్కడే ఎక్కడో ఉండాలి. లేదా నలిగి పొడైపోయి ఉండాలి.”

“పొడైతే భయం లేదు కదా సార్?” అన్నాడు మా ఆయన.

“పొడైతే లేదు.”

“మరి పొడైందో లేదో ఎలా తెలుస్తుంది?”

భూతద్దం ఆ గుండీని, ఆ ముక్కను రెండూ కవరులో వేసి మూతి అంటించాడు.

“తెలియదు” అన్నాడు. “ముక్క దొరికితే దొరికిందని తెలుస్తుంది. పొడైతే ఏమీ తెలియదు. కప్పీలన్నీ విప్పాలి, తోకంతా విప్పాలి. దొరక్కపోతే దొరకలేదనే రాస్తాను. పొడైందని రాయలేను, నేను చూడలేదు కాబట్టి.”

“అప్పుడు నా స్టాంపు?”

“ఆ సంగతి నా చేతుల్లో ఉండదు. పైవాళ్లు చూస్తారు.” కవరు జేబులో పెట్టుకుని, “భోజనం అయ్యాక చూశానని నువ్వు చెప్పకపోతే ఈ ముక్క కూడా దొరికేది కాదు. రోడ్లు వెతుక్కునేవాళ్లం. అది కూడా రాస్తాను” అన్నాడు.

“అది రాస్తే మేలు జరుగుతుందా సార్?” అని అడిగేశాను.

“తెలియదమ్మా” అన్నాడు మళ్లీ.

ఇంటికి వెళ్లిపొమ్మన్నారు మమ్మల్ని. మా ఆయన వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఎవరో రెండు కుర్చీలు తెచ్చి గీత ఇవతల వేశారు. కూర్చున్నాం. అక్కడ మేం ముట్టుకోవడానికి వీలున్న వస్తువు ఒక్కటి కూడా లేదు.

“ఎందుకు చెప్పలేదు నువ్వు పొద్దున?” అన్నాను. చుట్టూ మనుషులున్నారు, అయినా ‘నువ్వు’ అనేశాను.

“అంత సరదాగా చూస్తున్నావు నా మొహం” అన్నాడు. “ఎలా చెప్పను?”

“తిట్టాల్సింది.”

“రేపటినుంచి తిడతాలే.”

పక్కపక్కన కూర్చోవడానికి ఒక సాయంత్రమంతా దొరికితే బాగుండునని పెళ్లయిన దగ్గర్నుంచి అనుకుంటూనే ఉన్నాం. ఆయన షిఫ్టులు, నా మిల్లు, కుదిరేది కాదు. ఇప్పుడు దొరికింది. ఆయన భుజం నా భుజానికి ఆనింది. ఇంత దిగులులోనూ ఆ ఆనుకోవడం నాకు బాగుంది. బాగున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా పక్కకు జరగలేదు. హ్యాంగర్ తలుపుల బయట వెలుతురు పసుపు నుంచి నారింజకు, నారింజ నుంచి బూడిదకు మారుతుంటే, అలవాటు కొద్దీ ఏ రంగులో ఏది ఎంత కలిసిందో లెక్కగడుతున్నాను. ఆపాలని చూశాను, కుదరలేదు.

లోపల మొదటి కప్పీ విప్పారు. గుడ్డ మీద దులిపి చూశారు. రెండోది విప్పారు. బల్లి తోకలోంచి తల బయట పెట్టాడు. మేమిద్దరం ఒకేసారి కుర్చీల్లోంచి లేచాం.

బల్లి తల అడ్డంగా ఊపాడు.

మేం కూర్చున్నాం. అతను నీళ్లు తాగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ లోపలికి దూరాడు. మొదట తల, తర్వాత నడుము, ఆఖరున కాళ్లు.